ట్రాన్స్‌ఫర్‌లో బర్క్‌లీ వస్తుందా? బే ఏరియా తెలుగు రేడియో ఫోన్-ఇన్ నుంచి

యాంకర్: నమస్కారం. ఈ రోజు మన అంశం, చదువుతున్న కాలేజీ నుంచి ఇంకా పెద్ద యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్. కౌన్సెలర్ గారు స్టూడియోలో ఉన్నారు. ఫ్రీమాంట్ నుంచి మొదటి కాల్. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం మేడమ్. మా అబ్బాయి గురించి అడగాలి. కాల్ స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్, మొదటి సంవత్సరం అయిపోవచ్చింది. పోయినేడు బర్క్‌లీ రాలేదు. వాడితో చదివిన ముగ్గురికి వచ్చింది. ఇప్పుడు ట్రాన్స్‌ఫర్‌కి పెడతానంటున్నాడు. ఎంత ఛాన్స్ ఉంటుంది? నలుగురిలో ఒకరికి వస్తుందని మావారు ఎక్కడో చూశారట.

కౌన్సెలర్: అది యూనివర్సిటీ మొత్తానికి అమ్మా. బర్క్‌లీ అయినా, యూసీఎల్ఏ అయినా ట్రాన్స్‌ఫర్‌కి పెట్టినవాళ్లలో సుమారు పావు వంతు మందికి వస్తుంది. మీవాడు పెట్టేది కంప్యూటర్ సైన్స్‌కి. బర్క్‌లీలో ఆ ఒక్కటీ తీసుకుంటే నూటికి పది మందికి కూడా రాదు. నేను ఎప్పుడూ చెప్పేది ఇదే. కాలేజీ పేరు పక్కనున్న శాతం కాదు, మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, దాని పక్కనున్న శాతం చూడండి. యూసీ, అంటే బర్క్‌లీ, యూసీఎల్ఏ లాంటి క్యాంపస్‌లన్నీ ఉన్న యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, వాళ్లే మేజర్లవారీగా పట్టిక పెడతారు. ఎంతమంది పెట్టారు, ఎంతమందికి ఇచ్చారు, వచ్చినవాళ్ల జీపీఏ ఎంత, అన్నీ అందులో ఉంటాయి.

కాలర్: వీడి జీపీఏ 3.6 మేడమ్. శనివారాలు తెలుగు బడిలో చిన్నపిల్లలకి చెబుతాడు, అది కూడా రాస్తే...

కౌన్సెలర్: రాయండి, మంచిదే. లెక్కల్లో ఎలా ఉన్నాడు?

కాలర్: కాల్‌కులస్‌లో సి వచ్చింది. ఆ సెమిస్టర్ వాడు సరిగ్గా లేడు మేడమ్. కాలేజీ నుంచి వచ్చి కారు గరాజ్‌లో పెట్టి, ఇంజన్ ఆపేసి, లైటు కూడా వేసుకోకుండా అందులోనే కూర్చునేవాడు. నేను అన్నం పెట్టి పిలిస్తే గానీ లోపలికొచ్చేవాడు కాదు.

కౌన్సెలర్: అయ్యో. సరే, సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. సి వచ్చిన కోర్సు మళ్లీ చదివినా యూసీ కొత్త గ్రేడు లెక్కలోకి తీసుకోదు. డి, ఎఫ్ అయితేనే తీసుకుంటుంది. ఇంకో మాట, యూసీలు మొదట చూసేది కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీ, అంటే రెండేళ్ల కాలేజీ, పిల్లల్నే. కాల్ స్టేట్ వాళ్ల వంతు ఆ తర్వాతే.

కాలర్: అయితే మాన్పించి కమ్యూనిటీ కాలేజీలో చేర్పించమంటారా?

కౌన్సెలర్: తొందరపడకండి. కమ్యూనిటీ కాలేజీ విద్యార్థిగా లెక్కలోకి రావాలంటే అక్కడ కనీసం 30 సెమిస్టర్ యూనిట్లు చదవాలి, చివరగా చదివింది కూడా అక్కడే కావాలి. అంటే ఇంకో ఏడాది. ఇంత చేసినా బర్క్‌లీ కంప్యూటర్ సైన్స్ వస్తుందని ఎవరూ చెప్పలేరు. ఒకవేళ మారినా పాత ట్రాన్‌స్క్రిప్ట్ దాచకండి. చదివిన ప్రతి కాలేజీ పేరూ అప్లికేషన్‌లో రాయాల్సిందే.

కాలర్: అలాగే మేడమ్. కానీ మొత్తం మీద... వీడికి ఎంత ఛాన్స్ ఉందంటారు?

కౌన్సెలర్: అమ్మా, మళ్లీ అదే అడుగుతున్నారు. తక్కువ. చాలా తక్కువ. ఏమీ అనుకోకండి. పెట్టొద్దనడం లేదు, రెండో ఏడు అక్టోబర్, నవంబర్‌లలో పెట్టమనండి. శాంటా క్రూజ్, రివర్‌సైడ్, మెర్సెడ్ యూసీలు కూడా కలిపి పెట్టమనండి. ఏదీ రాకపోతే ఇప్పుడున్న చోటే డిగ్రీ పూర్తి చేస్తాడు, అదేం తక్కువ చదువు కాదు. బర్క్‌లీ కంటే ముందు ఆ గరాజ్ సంగతి చూడండి. క్యాంపస్‌లో కౌన్సెలింగ్ సెంటర్ ఉంటుంది, ఈ వారమే అపాయింట్‌మెంట్ తీసుకోమనండి. ఆ ముగ్గురు ఫ్రెండ్స్ ఊసు ఇంట్లో ఎత్తకండి.

కాలర్: ...నేనే ఎత్తుతుంటాను మేడమ్.

కౌన్సెలర్: ఇవాళ్టి నుంచి మానేయండమ్మా.

యాంకర్: థాంక్స్ అమ్మా. తర్వాతి కాల్, కూపర్టీనో.

కాలర్: హలో మేడమ్, డి ఆన్జా కమ్యూనిటీ కాలేజీలో చదువుతున్నాను. ఎకనామిక్స్. యూసీ వాళ్ల ట్రాన్స్‌ఫర్ హామీ, అదే ట్యాగ్, పెడితే సీటు గ్యారంటీయేనా?

కౌన్సెలర్: షరతులన్నీ నిలబెట్టుకుంటే గ్యారంటీయే నాన్నా. కానీ ట్యాగ్ ఆరు క్యాంపస్‌లకే, అందులోనూ ఒక్కదానికే పెట్టాలి. బర్క్‌లీ, యూసీఎల్ఏ, శాన్ డియేగోలకి లేదు. కొన్ని మేజర్లకి కూడా ఇవ్వరు. సెప్టెంబర్ 1 నుంచి 30 లోపు పెట్టెయ్. మీది క్వార్టర్ సిస్టమ్, 90 యూనిట్లు కావాలి. నీ కోర్సులు ఏ క్యాంపస్‌లో దేనికి సరిపోతాయో అసిస్ట్ సైట్‌లో చూశావా?

కాలర్: ఫ్రెండ్ చూసి చెప్పాడు.

కౌన్సెలర్: ఫ్రెండ్ మేజర్ వేరు, నీ మేజర్ వేరు. ఈ రాత్రే నువ్వు కూర్చుని చూడు.

యాంకర్: టెక్సాస్ నుంచి ఒక కాల్, త్వరగా చెప్పండి సార్.

కాలర్: మా అమ్మాయికి హార్వర్డ్‌కో, ప్రిన్స్‌టన్‌కో ట్రాన్స్‌ఫర్ కావాలండీ.

కౌన్సెలర్: హార్వర్డ్ ఏటా తీసుకునేది ఓ పన్నెండు మంది, అటూ ఇటూగా. ప్రిన్స్‌టన్ ట్రాన్స్‌ఫర్లు ఆపేసి, 2018లో మళ్లీ మొదలుపెట్టింది. అక్కడ ముందు చూసేది కమ్యూనిటీ కాలేజీ వాళ్లనీ, సైన్యంలో చేసినవాళ్లనీ. చాలా కాలేజీలు కామన్ డేటా సెట్ అని ఒకటి పెడతాయి, అందులో డి విభాగమంతా ట్రాన్స్‌ఫర్ లెక్కలే. అది చూశాకే ఫీజు కట్టండి. అమ్మాయికి ఇప్పుడున్న చోట ఏం నచ్చలేదు?

కాలర్: అదేం లేదండీ, తనకి బాగానే ఉంది. నేనే...

యాంకర్: లైన్ కట్ అయినట్టుంది. ఇవాళ్టికి టైమ్ కూడా అయిపోయింది. ధన్యవాదాలు మేడమ్.