మహిమ అంటే వెలుగు మాత్రమేనా?

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. ఈ రోజు ఒక్క మాట దగ్గరే ఆగుదాం: మహిమ.

ఈ మాట వినగానే మనకు ఏం తోస్తుంది? కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగు, అద్భుతాలు. నేనూ చాలా ఏళ్లు అలాగే చదివాను. కానీ పాత నిబంధనలో మనం మహిమ అని చదివే హీబ్రూ మాట ఎక్కువచోట్ల కాబోద్. దాని ధాతువుకు అర్థం బరువు. ఫలానా వాళ్ల మాటకు బరువుంది అంటాం కదా, ఆ బరువు.

మొదటి సమూయేలు 2వ అధ్యాయం తెరవండి. షిలోహులో ఏలీ యాజకుడు. ఆయన కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు. ఎవరైనా బలి తెస్తే, దేవునికి కొవ్వు దహించకముందే వాళ్ల పనివాడు వచ్చి, యాజకుడికి పచ్చిమాంసం ఇవ్వు, ఇవ్వకపోతే బలవంతంగా తీసుకుంటాను అనేవాడు. ఏలీకి అంతా తెలుసు. మందలించాడు, ఆపలేదు. అప్పుడు దేవుడు ఏలీని అడిగాడు: నాకంటే నీ కొడుకులనే ఎందుకు గొప్ప చేస్తున్నావు? అక్కడి క్రియ కూడా ఆ బరువు ధాతువే. దేవుని కంటే కొడుకులు బరువు తూగారు.

30వ వచనం చూడండి. నన్ను ఘనపరిచేవారిని ఘనపరుస్తాను, నన్ను తృణీకరించేవారు తృణీకారం పొందుతారు. ఘనం అంటే గట్టిది, బరువైనది. తృణం అంటే గడ్డిపరక. హీబ్రూలో ఆ చివరి క్రియకు అర్థం తేలికైపోతారు అనే! మన తెలుగులో ఇంత చక్కని జోడీ కుదిరింది. ఈ వచనం చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

4వ అధ్యాయంలో ఫిలిష్తీయులతో యుద్ధం. ఇశ్రాయేలీయులు మొదటిసారి ఓడి 4,000 మందిని పోగొట్టుకున్నారు. దేవుణ్ణి అడగలేదు, మందసం, అంటే దేవుని సన్నిధికి గుర్తైన పవిత్రమైన పెట్టె, తెచ్చుకున్నారు, అది మనల్ని కాపాడుతుందని. ఈసారి 30,000 మంది పడిపోయారు, మందసమూ పోయింది. ఆ కబురు విని 98 ఏళ్ల ఏలీ పీఠం మీద నుంచి వెనక్కి పడ్డాడు, మెడ విరిగింది. ఆయన భారీ మనిషి అని రాయడానికి వాడింది కూడా ఆ బరువు మాటే. ఆ రోజే ఆయన కోడలు కొడుకును కని ఈకాబోదు అని పేరు పెట్టింది. మహిమ వెళ్లిపోయింది అంటూ.

నేనూ వాక్యాన్ని మందసంలా మోసుకెళ్లినవాణ్ణే. పరీక్ష టెన్షన్‌లో యిర్మీయా 29:11 వల్లించేవాణ్ణి, మీకు మేలు చేసే ఉద్దేశాలే నాకున్నాయి అనే మాట. పై వచనంలో ఉన్న 70 ఏళ్ల మీద నా చూపు పడేదే కాదు. అది బబులోను చెరలో ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరం. అందులో దేవుడు ఎలాంటివాడో చూడకుండా, నాకేం వస్తుందో వెతికాను. ఇప్పుడు ఏ భాగం చదివినా ముందు ఒకటే అడుగుతాను: ఇక్కడ ఎవరు బరువు తూగుతున్నారు?

అదే ప్రశ్నతో యోహాను 12వ అధ్యాయానికి రండి. మనుష్యకుమారుడు మహిమ పొందే గడియ వచ్చింది అంటాడు యేసు. ఇక సింహాసనం గురించి చెబుతాడనుకుంటాం. కానీ ఆ వెంటనే ఆయన చెప్పింది, భూమిలో పడి చచ్చే గోధుమ గింజ గురించి.