మూడేళ్ల డిప్లొమా బీటెక్‌లో ఒక్క ఏడాదేనా?

(దృశ్యం: ధవళేశ్వరం లాకులు. ఉదయం వెలుతురు. వ్యాఖ్యాత గట్టు మీద నిలబడి ఉంటారు.)

నమస్కారం. నా వెనక ఉన్నవి లాకులు. కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయ్యాక చాలా కాలం ఈ కాలువల్లో పడవలే బళ్లు, పడవలే లారీలు. కాలువలోంచి గోదావరిలోకి వెళ్లాల్సిన పడవ ఇక్కడికొచ్చి ఆగేది. కింది తలుపు మూసి, పైనుంచి నీళ్లు వదిలితే పడవ ఉన్నచోటే పైకి లేచేది. ధాన్యం బస్తా ఒక్కటీ దించే పనిలేదు.

పాలిటెక్నిక్ నుంచి బీటెక్‌కు వెళ్లడం కూడా ఇలాగే ఉంటుందని డిప్లొమా చదివే రోజుల్లో నేను అనుకునేవాణ్ణి. కానీ అక్కడ పడవ పైకి లేస్తుంది గానీ సరుకు గట్టు మీదే ఉండిపోతుంది.

ముందు తల్లిదండ్రుల ఫిర్యాదు చూద్దాం. అమలాపురంలో అడిగినా, పాలకొల్లులో అడిగినా అదే మాట: "మూడేళ్లు చదివిస్తే బీటెక్‌లో ఒక్క ఏడాదే తగ్గిస్తారా?"

(తెర మీద: 3 + 3 = 6. దాని కింద: 2 + 4 = 6.)

డిప్లొమా మొదలయ్యేది పదో తరగతి తర్వాత. అందులో రెండేళ్లు ఇంటర్‌కు సమానం. మిగిలిన ఏడాదే బీటెక్ మొదటి సంవత్సరానికి బదులు. ఇంటర్ మీదుగా వెళ్లిన పక్కింటి అబ్బాయికీ, మీ అబ్బాయికీ ఒకే ఏడాది పట్టా చేతికొస్తుంది. మీకు పోయిందేమీ లేదు. పైగా మీవాడి దగ్గర డిప్లొమా కూడా ఉంటుంది, మధ్యలో ఉద్యోగం దొరికితే అదే పనికొస్తుంది.

ఇక ఈసెట్, అంటే డిప్లొమా చదివినవాళ్లు నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరడానికి రాసే ప్రవేశ పరీక్ష. 200 మార్కులు: లెక్కలు 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, సొంత బ్రాంచి 100. అర్హత మార్కు 25 శాతం, అంటే 50. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఆ కనీస మార్కు నిబంధన లేదు. చివరి ఏడాది పిల్లలు బ్రాంచి పుస్తకాలు వదలకుండా చదువుతారు. కెమిస్ట్రీ మాత్రం డిప్లొమా మొదటి ఏడాదితోనే అటక ఎక్కేసి ఉంటుంది. ర్యాంకు చాలావరకు తేలేది ఆ అటక మీదే అని నా అభిప్రాయం. ఏ డిప్లొమా వాళ్లు ఏ బీటెక్ బ్రాంచిలో చేరవచ్చో జాబితా ఉంటుంది, ఆప్షన్లు పెట్టేముందు అది చూడండి.

(దృశ్యం: నల్లబల్ల.)

ఇప్పుడు సరుకు సంగతి. వారానికి ఒక గంట పాఠం సెమిస్టరంతా వింటే, పరీక్ష పాసైతే ఒక క్రెడిట్. ల్యాబ్ అయితే రెండు గంటలకు ఒకటి. దేశంలో సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ సంస్థ 2018లో ఇచ్చిన నమూనా పాఠ్యప్రణాళిక ప్రకారం బీటెక్‌కు మొత్తం 160 క్రెడిట్లు. నేరుగా రెండో ఏడాదిలో చేరినవారికి మొదటి ఏడాది క్రెడిట్లు సంపాదించే పని ఉండదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. డిప్లొమా సబ్జెక్టులు ఒక్కొక్కటిగా బీటెక్ ఖాతాలో చేరవు. ఏడాదంతటికీ కలిపి ఒక మినహాయింపు ఇస్తారు, అంతే. డిప్లొమాలో 90 శాతం తెచ్చుకున్నా, బీటెక్ సీజీపీఏ (అన్ని సెమిస్టర్ల గ్రేడ్ల సగటు) సున్నా నుంచే మొదలవుతుంది.

మినహాయింపు ఇచ్చిన ఏడాదిలోని లెక్కలు మీకు వచ్చనుకునే రెండో ఏడాది పాఠం మొదలుపెడతారు. నేను చేరిన మొదటి వారం, మాస్టారు బోర్డు మీద ఒక సమాకలనం సగం రాసి "మిగతాది మీకు తెలిసిందే" అన్నారు. చుట్టూ అందరూ తలూపారు, నేనూ ఊపాను. ఆ తల ఊపుడుకు మొదటి మిడ్ పరీక్షలో మూల్యం చెల్లించాను. ఈసెట్ ఫలితాలకూ తరగతులకూ మధ్య దొరికే రోజుల్లో ఒక సీనియర్ దగ్గర మొదటి ఏడాది లెక్కల పుస్తకం అడిగి తెచ్చుకోండి.

"అమెరికాలో మా మేనమామ కొడుకు కమ్యూనిటీ కాలేజీ నుంచి యూనివర్సిటీకి మారాడు, అదీ ఇదీ ఒకటేనా?" అని అడిగేవాళ్లున్నారు. ఒకటి కాదు. అక్కడ రెండేళ్ల అసోసియేట్ డిగ్రీకి సాధారణంగా 60 క్రెడిట్లు, బ్యాచిలర్ డిగ్రీకి 120. సబ్జెక్టు సబ్జెక్టునూ విడిగా తూస్తారు. చిక్కేమిటంటే, క్రెడిట్ తీసుకున్నా అది మేజర్ (ప్రధాన సబ్జెక్టు) కింద కాకుండా ఐచ్ఛికాల కింద పడవచ్చు. అప్పుడు లెక్కలో 60 కనిపిస్తాయి, చదవాల్సినవి మాత్రం అలాగే మిగులుతాయి.

మన డిగ్రీ కాలేజీల్లోనూ ఇలాంటి దారి ఒకటి తెరుచుకుంది. విశ్వవిద్యాలయాలను చూసే యూజీసీ 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌కు, అంటే విద్యార్థుల క్రెడిట్లు దాచే ఖాతాకు, నిబంధనలు తెచ్చింది. బీఎస్సీ ఒక ఏడాది చదివి ఆపేసిన అమ్మాయి క్రెడిట్లు అందులో సాధారణంగా ఏడేళ్ల వరకు నిలవుంటాయి. పేరు బ్యాంకే గానీ, ఇందులోవి నోట్లలా ప్రతి కొట్టులో చెల్లవు. పట్టా ఇచ్చే సంస్థలోనే కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలి, ఏవి తన కోర్సుకు సరిపోతాయో ఆ సంస్థే చూస్తుంది. అందుకే చేరేముందు "నా క్రెడిట్లు తీసుకుంటారా?" అని కాకుండా, "ఏ సబ్జెక్టుకు బదులుగా తీసుకుంటారు?" అని అడగండి. జవాబు కాగితం మీద రాయించుకోండి.

(దృశ్యం: లాకు తలుపుల మీద నుంచి కెమెరా నెమ్మదిగా గోదావరి వైపు తిరుగుతుంది.)