మిగులు గుడ్డ ముక్కల బొంత: ఒక చలికాలం, మూడు ఉతుకుల తర్వాత

నమస్కారం. ఇప్పుడు మీరు చూస్తున్న ఈ బొంతను, ఇంట్లో జాకెట్లు, పిల్లల గౌన్లు కుట్టగా మిగిలి ఏళ్ల తరబడి సంచిలో పోగుపడిన గుడ్డ ముక్కలతో కుట్టాను. కుట్టిన రోజునే ఈ వీడియో చేసి ఉంటే రంగుల పొందిక గురించి తప్ప చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. ఒక చలికాలమంతా కప్పుకుని, మూడుసార్లు ఉతికాను కనుక, ఇందులో ఏ గుడ్డ నిలిచిందో, ఏది నిలవలేదో ఇప్పుడు చూపించగలను.

ప్రతి ముక్కనూ 6.5 అంగుళాల చదరంగా కత్తిరించి, నాలుగు వైపులా పావు అంగుళం కుట్టుకు వదిలాను కాబట్టి ఒక్కో గడి 6 అంగుళాలు తేలింది. అడ్డంగా 9, నిలువుగా 12, మొత్తం 108 గడులు. అంటే 54 అంగుళాల వెడల్పు, 72 అంగుళాల పొడవు. పొడగరులకు ఇంకో వరుస కలపాలి.

ఈ మూలను దగ్గరగా చూడండి. ఈ రేయాన్ ముక్క సాగిపోయి పక్క గడిని లాగేసింది. దాని కింద ఉన్న సాటిన్ ముక్క కుట్టు దగ్గర పోగులు విడిపోయింది. ఎర్ర గడి రంగు వదిలి, చుట్టూ ఉన్న లేత ముక్కలను పాడుచేసింది. మంగళగిరి నూలు గుడ్డ, లుంగీ గళ్ల గుడ్డ మాత్రం చెక్కుచెదరలేదు. ముక్కలన్నిటినీ ముందే నానబెట్టి ఆరేసి, ముదురు రంగు వాటిని తడి తెల్లగుడ్డ మీద పెట్టి ఇస్త్రీ చేసి చూసి ఉంటే ఈ రంగు నష్టమైనా జరిగేది కాదు. ముక్కల సంచిలో పాతికేళ్ల జ్ఞాపకాలున్నా సరే, నూలు కానిదాన్ని ఈ బొంతలో కలపవద్దని గట్టిగా చెబుతాను.

గడుల మూలలు ఇంత సరిగ్గా కలవడానికి కారణం ఇస్త్రీయే. ఒక వరుసలో కుట్టు మడతలను కుడివైపుకు, తర్వాతి వరుసలో ఎడమవైపుకు వంచి ఇస్త్రీ చేస్తే, రెండు వరుసలను కలిపేటప్పుడు ఆ మడతలు ఒకదానికొకటి ఆనుకుని కదలకుండా నిలుస్తాయి.

లోపల దూది పెట్టలేదు. కుట్లు దగ్గరగా లేకపోతే విడి దూది ఉతుకులో ఉండలు కడుతుంది. అందుకే మన పెద్దవాళ్ల పద్ధతిలో మెత్తబడిన పాత నూలు చీరను రెండు మడతలుగా పరిచాను. గడులను మిషన్ మీద కలిపినా, పొరలను పట్టే కుట్టును చేత్తోనే, మధ్య నుంచి అంచులకు వేశాను. ముడతలు బయటికి జరిగిపోతాయి, బొంత మెత్తగా ఉంటుంది. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ తెగ మహిళలు కుట్టే కవంది అనే ముక్కల బొంతలో ఇందుకు భిన్నంగా, ముక్కలను పొరల మీదనే పరుస్తూ అంచుల నుంచి మధ్యకు వస్తారు. నాలుగు మూలల్లో మడిచి కుట్టే చిన్న గుడ్డ పువ్వులు లేనిదే ఆ పని పూర్తయినట్టు భావించరు. ఆ పువ్వులంటే నాకు ఎంతో ఇష్టం.

వెచ్చదనానికి వంక పెట్టను. తడిస్తే మాత్రం బాగా బరువెక్కుతుంది, ఆరడానికి రెండు రోజుల ఎండ కావాలి, ఒకే తాడు మీద వేస్తే కుట్లు లాగుతాయి కనుక రెండు తాళ్ల మీద పరచాలి. అన్నిటికన్నా ముందు మాసేది తలవైపు అంచు కాబట్టి, అక్కడ విడిగా ఒక పట్టీని టాకాలతో పట్టాను. అదొక్కటే విప్పి ఉతికి, మళ్లీ కుట్టుకుంటున్నాను.