మందు కాదు, మంద గురించి

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సంతానం కోసం జాతి కోళ్లు పెంచుతున్న మీ అందరికీ నమస్కారం. నా పరిచయంలో చెప్పినవాటిలో సగం తీసివేసి మిగతా సగం నమ్మండి. నాకిచ్చిన అంశం ‘మందలో అంటువ్యాధులు, మందులు’. రెండో భాగం గురించి ఎక్కువ మాట్లాడను. మందుల పేర్లు రాసుకుందామని కలం తీసినవాళ్లు ముందే క్షమించాలి.

నాకు వచ్చే ఫోన్లలో ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ‘తుమ్ముతున్నాయి సార్, ఏ మందు వేయాలి?’ మాంసం కోసం పెంచే వ్యక్తి అలా అడిగితే కొంత అర్థముంది. కొన్ని వారాల్లో ఆ మంద అమ్ముడవుతుంది, షెడ్డు ఖాళీ అవుతుంది, కడుగుతారు, సున్నం వేస్తారు, కథ ముగుస్తుంది. మీ కథ అలా ముగియదు. మీ పెట్ట రేపు కూడా గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు ఇంకొకరి ఇంక్యుబేటర్‌లోకి వెళుతుంది. కొన్ని రోగాలు ఆ గుడ్డు లోపలే కూర్చుని ప్రయాణం చేస్తాయి. పిల్లలకు తెల్ల విరేచనాలు తెచ్చే పుల్లోరం, శ్వాసను పట్టే మైకోప్లాస్మా, లోపల గడ్డలు పెంచే లింఫాయిడ్ ల్యూకోసిస్ అలాంటివి. గడ్డలు, పక్షవాతం తెచ్చే మారెక్స్, ముఖం వాచే జలుబు కొరైజా గుడ్డులో రావు. ఈ తేడా తెలియకపోతే ఏ పిల్లను ఎక్కడ పెంచాలో కూడా తెలియదు.

మైకోప్లాస్మా సంగతే చూడండి. మనం సీఆర్‌డీ, అంటే దీర్ఘకాలిక శ్వాసరోగం, అంటాం. కంట్లో నురుగు, గొంతులో గురగుర, ముక్కు కారడం. ఆ సూక్ష్మజీవికి కణకవచమే లేదు కాబట్టి కవచాన్ని దెబ్బకొట్టే పెన్సిలిన్ దాన్ని ఏమీ చేయలేదు. టైలోసిన్, టెట్రాసైక్లిన్ వేస్తే గురగుర ఆగుతుంది, మేత తింటుంది, మళ్లీ గుడ్లు పెడుతుంది. అందరూ సంతోషిస్తారు. లోపల సూక్ష్మజీవి మాత్రం మిగిలే ఉంటుంది. చాలా కోళ్లు జీవితాంతం దాన్ని మోస్తూనే ఉంటాయి.

ఇక్కడ ఒక పుంజు గురించి చెప్పాలి. రెండు నిమిషాల్లో చెబుతానని అధ్యక్షులకు మాటిచ్చాను కానీ అది కుదిరేలా లేదు.

నాకు తెలిసిన ఒక పెంపకందారు దగ్గర మంచి పుంజు ఉండేది. నడక, మెడ, తోక, ఎందులోనూ వంక పెట్టలేం. దానికి ఈ రోగం వచ్చింది. మందు వేశాడు, తగ్గింది. నేను రక్తపరీక్ష చేయించి, ఇది సంతానానికి పనికిరాదని చెప్పాను. తల ఊపాడు. తర్వాత ఆ పుంజు ఈ మందకీ ఆ మందకీ జతకు వెళ్లింది. వెళ్లిన చోటల్లా కొంతకాలానికి పెట్టలు తుమ్మాయి, పెంకులోనే పిల్లలు చచ్చాయి, బతికినవి గిడసబారాయి. ఒక్కరూ పుంజును అనుమానించలేదు. ఎందుకు అనుమానిస్తారు? అన్నింటికంటే ఆరోగ్యంగా కనిపిస్తున్నది అదే! వాతావరణాన్ని తిట్టారు, మేతను తిట్టారు, టీకా వేసిన కుర్రవాణ్ని తిట్టారు. చివరికి యజమాని ఆ పుంజును మంచి ధరకు అమ్మేశాడు. రోగం సంగతి కొన్నవాడికి చెప్పావా అని అడిగితే, ‘అడగలేదు కదా సార్’ అన్నాడు. ఆ జవాబు నాకు ఇప్పటికీ మింగుడుపడదు. రోగం రావడం తప్పు కాదు. రోగం ఉందని తెలిసీ పుంజును ఊరేగించడం తప్పు.

మూడో వరుసలో ఉన్న పెద్దమనిషి గారూ, మీ కాళ్ల దగ్గరి గంపలో కోడి దగ్గుతోంది, ఇక్కడికి వినిపిస్తోంది. చూపించడానికే తెచ్చి ఉంటారు, సంతోషం. దయచేసి దాన్ని ఇప్పుడే బయట పెట్టించండి. పక్కనున్నవాళ్లు ఇంటికెళ్లాక చెప్పులు కడిగి, బట్టలు మార్చి, అప్పుడే తమ కోళ్ల దగ్గరికి వెళ్లండి.

ఎక్కడున్నాం? రోగాన్ని లోపల మోసే కోళ్ల దగ్గర. గొంతును, శ్వాసనాళాన్ని పట్టే లారింగోట్రాకియైటిస్ వైరస్ మరీ మొండిది. కోలుకున్న కోడి ముఖానికి సంబంధించిన నరాల ముడిలో దాక్కుంటుంది. కొత్త చోటికి మార్చినా, కొత్త కోళ్లతో కలిపినా, గుడ్లు మొదలైనా మళ్లీ బయటికొస్తుంది. మారెక్స్ టీకా వేయించాం కదా అంటారు. వేయించండి, పిల్ల గుడ్డులోంచి బయటికొచ్చిన రోజే వేయించండి. కానీ అది గడ్డలను, పక్షవాతాన్ని ఆపుతుంది తప్ప వైరస్ సోకకుండా ఆపదు. టీకా వేసిన కోడి ఈకల పొట్టులో కూడా వైరస్ రాలుతుంది.

పుల్లోరంను కొన్ని దేశాలు దాదాపుగా తుడిచిపెట్టాయి. అమెరికాలో 1935లో మొదలైన జాతీయ పథకం అందుకు పెద్ద ఉదాహరణ. అక్కడ గెలిపించింది కొత్త మందు కాదు. తల్లికోడి రక్తం ఒక చుక్క, రంగు కలిపిన యాంటిజెన్, అంటే చంపిన పుల్లోరం సూక్ష్మజీవులున్న ద్రవం, ఒక చుక్క, పలక మీద కలిపితే రెండు నిమిషాల్లో గుబ్బలు కడుతుందా లేదా చూడటం. గుబ్బ కడితే రోగం సోకినట్టు, ఆ కోడి పెంపకానికి పనికిరాదు. ఎంత అందమైనదైనా సరే.

‘మా దగ్గర ఉన్నది అరుదైన జాతి, తీసేస్తే అంతే’ అంటారా? ఆ మాట కొట్టిపారేయను. దారి ఉంది, కష్టమైన దారి. మైకోప్లాస్మా అయితే తల్లులకు మందు వేసి, ఆ తర్వాతి గుడ్లు ఏరాలి. పొదిగే ముందు గుడ్లను 12 నుంచి 14 గంటల్లో నెమ్మదిగా 46 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేసే పద్ధతి ఉంది. కొన్ని పిండాలు పోతాయి, దానికి సిద్ధపడాలి. మిగిలిన పిల్లలను చిన్న చిన్న గుంపులుగా, తల్లులకు దూరంగా, వేరే మనిషి చేత పెంచి మళ్లీ మళ్లీ పరీక్షించాలి. ఒక గుంపులో ఒక్కటి దొరికినా ఆ గుంపంతా వెళ్లాలి. ఇంత ఓపిక ఉంటే జాతి నిలుస్తుంది.

మిగతావి త్వరగా చెబుతాను. కొత్త కోడిని నెల రోజులు విడిగా ఉంచండి. దాని పక్కన మీ మందలోని మామూలు కోడిని ఒకదాన్ని పెట్టి చూడండి. కొత్తది బాగానే ఉండి మీది తుమ్మితే సంగతి తెలిసిపోతుంది. మేత వేసేటప్పుడు పిల్లల దగ్గర మొదలుపెట్టి, పెద్దవాటి మీదుగా, రోగిష్టి కోళ్ల దగ్గర ముగించండి. షెడ్డు గుమ్మంలోని మందునీళ్ల తొట్టిలో రెట్ట అంటిన చెప్పులు ముంచితే ఏమీ చావదు. ముందు రెట్ట కడగాలి. చచ్చిన కోడిని పారేయకుండా, చల్లగా ఉంచి, గడ్డకట్టించకుండా, వెంటనే ప్రయోగశాలకు పంపండి. ఒక్కసారిగా చాలా కోళ్లు చస్తే మాత్రం ముట్టుకోకుండా పశువైద్యాధికారికి కబురు చేయండి. అది బర్డ్ ఫ్లూ కావచ్చు.

రక్తపరీక్షలకు ద్వారం దగ్గర పేర్లు రాసుకుంటున్నారు. జాతి, వయసు రాస్తే సరిపోదు. మీ పుంజు ఎవరి దగ్గరి నుంచి వచ్చిందో, ఇప్పటిదాకా ఎవరెవరి మందలకు వెళ్లిందో కూడా రాయండి.