పిల్లలకూ పక్షవాతం వస్తుంది

శ్రోతలకు నమస్కారం.

పక్షవాతం అనగానే బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లే మనకు గుర్తొస్తారు. పిల్లల్లో అది అరుదే, కానీ వస్తుంది. హెచ్‌ఐవీతో పెరుగుతున్న పిల్లలకు ఆ ముప్పు మిగతా పిల్లలకంటే ఎక్కువ. వాళ్లను సాకుతున్న అమ్మానాన్నలు, ముఖ్యంగా అమ్మానాన్నలు లేని మనవల్ని పెంచుతున్న అమ్మమ్మలు, నాయనమ్మలు ఈ మాటలు వినాలని నా కోరిక.

వైరస్ అదుపులో లేకపోతే మెదడుకు వెళ్లే రక్తనాళాల గోడలు దెబ్బతింటాయి. కొన్నిచోట్ల ఇరుకవుతాయి, కొన్నిచోట్ల ఉబ్బుతాయి. ఇరుకైన చోట రక్తం ఆగిపోవచ్చు, ఉబ్బిన చోట నాళం పగలొచ్చు. ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గినప్పుడు పట్టుకునే జబ్బులూ ఈ పని చేస్తాయి. మన దగ్గర ముందు అనుమానించాల్సింది టీబీని. మెదడు పొరలకు పాకిన టీబీ అక్కడి రక్తనాళాలను మూసేస్తుంది. ఆటలమ్మ తగ్గిన కొన్ని నెలలకు కూడా పక్షవాతం రావచ్చు.

అన్నం తింటున్న పిల్ల చేతిలోంచి ముద్ద జారిపోతుంది. మూతి వంకరపోతుంది, మాట ముద్దగా వస్తుంది, ఒక కాలు ఈడుస్తుంది. చిన్నపిల్లల్లో మొదట ఫిట్సే కనిపించొచ్చు. ఒక్కోసారి కాసేపటికి అంతా సర్దుకుంటుంది. సర్దుకుంది కదా అని ఊరుకోవద్దు, పసరు మందు కోసం బయల్దేరొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. నోట్లో నీళ్లు గానీ మాత్ర గానీ వేయొద్దు. ఎన్నింటికి మొదలైందో గుర్తుపెట్టుకోండి.

ఆసుపత్రిలో బిడ్డకు హెచ్‌ఐవీ ఉందని చెప్పండి. పక్క మంచం వాళ్లు వింటారన్న భయం ఎంతటిదో నాకు తెలుసు. డాక్టరును పక్కకు పిలిచి చెప్పండి, హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందుల కార్డు చూపించండి. ఆ ఒక్క విషయం తెలిస్తే స్కానింగుతో పాటు ఏ పరీక్షలు చేయాలో, ఏ మందులు కలవవో వాళ్లకు తెలుస్తుంది. హెచ్‌ఐవీ ఉందని వైద్యంలో వివక్ష చూపడాన్ని, ఆ సంగతి అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది.

ఈ ముప్పును తగ్గించే దారి మందులు తప్పకుండా వేసుకోవడమే. 2004 నుంచి ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. చిన్నప్పుడు మనం వేసిన మాత్ర మింగిన పిల్లలే, పన్నెండు పదమూడేళ్లు వచ్చాక మానేస్తుంటారు. హాస్టల్లో ఎవరైనా చూస్తారని భయం, నాకే ఎందుకీ మాత్రలని కోపం. తిట్టకండి. ఆ వయసు కంటే ముందే, కౌన్సెలర్ సాయంతో, నిజం చెప్పండి. రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ పరీక్షకు తప్పకుండా తీసుకెళ్లండి. సందేహాలుంటే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయొచ్చు, ఆ కాల్ ఉచితం.

ఒకసారి పక్షవాతం వచ్చిన బిడ్డను మాత్రం బడి మాన్పించొద్దు. ఫిజియోథెరపీ త్వరగా మొదలుపెట్టి, వదలకుండా చేయిస్తే చాలామంది మళ్లీ నడుస్తారు. కుడిచేతికి పట్టు రాకపోతే ఎడమచేత్తో రాయడం నేర్పించండి. వైకల్యం మిగిలితే ప్రభుత్వం ఇచ్చే వైకల్య సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయండి. అది ఉంటే పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయం అడగొచ్చు.