గదిని కాదు, మనిషిని వెచ్చబెట్టుకుందాం

అందరికీ నమస్కారం. ఆదిలాబాద్‌లో ఉన్నవాళ్లకు చలి గురించి కొత్తగా చెప్పేదేముంది? మిగతా జిల్లాలవాళ్లు స్వెట్టర్లు వెతుక్కునే వేళకే మన దగ్గర ఉష్ణోగ్రత ఒక్క అంకెకి పడిపోయి ఉంటుంది. కరెంటు శాఖలో చేసి రిటైరైనవాణ్ని కదా అని, బిల్లు తగ్గే ఉపాయాలు చెప్పమని కాలనీ పెద్దలు పిలిచారు. చెప్తాను. కానీ ముందు కరెంటుతో సంబంధం లేని కుంపటి సంగతి మాట్లాడాలి. బిల్లు ఎక్కువొస్తే ఎలాగో కట్టుకుంటాం, ప్రాణం పోతే తెచ్చుకోలేం.

రాత్రి పొయ్యిలో మిగిలిన నిప్పులు ఎత్తి, పొగ రావట్లేదు కదా అని మంచం పక్కన పెట్టుకుంటారు. తలుపు బిగిస్తారు. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కుతారు. పొగ లేని నిప్పే అసలు ప్రమాదం. బొగ్గు గాలి చాలక సగం సగం కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టేసినట్టు ఇది జాగా పట్టేస్తుంది. వెనక ఎక్కిన ఆక్సిజన్‌కి చోటుండదు. మెలకువగా ఉన్నవాడికి తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం తెలుస్తాయి. నిద్రలో ఉన్నవాడికి ఏదీ తెలియదు.

ఒక గుర్తు చెప్తాను. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తల నొప్పి మొదలై, బయటికొస్తే తగ్గిందంటే అది జలుబు కాదు. తలుపులు బార్లా తెరిచి అందర్నీ బయటికి తీసుకొచ్చి 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రిలో 'గదిలో కుంపటి పెట్టుకున్నాం' అని తప్పకుండా చెప్పండి. కరోనా అప్పుడు ఆక్సిజన్ చూసుకోవడానికి కొనుక్కున్న వేలి మిషన్ ఉంది చూడండి, దాన్ని నమ్మొద్దు. ఈ గ్యాస్ పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కేసి 98, 99 చూపిస్తుంది.

గ్యాస్ గీజరుదీ ఇదే కథ. బాత్రూములో బిగించి, చలిగాలి వస్తోందని వెంటిలేటరుకి అట్టముక్క అడ్డం పెడతారు. అంత చిన్న గదిలో మంట మండుతుంటే గాలి ఎంతసేపు సరిపోతుంది? గీజరు బాత్రూము బయట, గాలి ఆడేచోట ఉండాలి, లోపలికి నీళ్ల పైపే రావాలి. బిగించేవాడు 'ఏం కాదు సార్' అంటాడు. అందులో స్నానం చేసేది వాడు కాదు. ఇంకొకటి, చలికి సిలిండర్లో గ్యాస్ సరిగ్గా రావట్లేదని దాన్ని వేడినీళ్లలో పెట్టడం, పడుకోబెట్టడం చేస్తారు. దయచేసి చేయకండి. గ్యాస్ వాసనొస్తే రెగ్యులేటరు కట్టేయండి, లైటు స్విచ్చులు ముట్టుకోకుండా తలుపులు తీసి, బయటికొచ్చి 1906కి చెప్పండి.

ఇక నా శాఖకొస్తాను. మన ఇళ్లలో నీళ్లు కాగేది ఎక్కువగా రాడ్డుతోనే. నీళ్లు కాగాయా అని వేలు పెట్టి చూసే అలవాటు చాలామందికి ఉంది. స్విచ్ ఆపే పెట్టాను కదా అంటారు. వైరింగ్ చేసినవాడు స్విచ్‌ని కరెంటు వచ్చే ఫేజు తీగకి బదులు, అది తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగలో కలిపి ఉంటే, స్విచ్ ఆపినా రాడ్డులో కరెంటు ఉంటుంది. పాత ఇళ్లలో ఇలాంటివి నేను చాలా చూశాను. అందుకే ప్లగ్గు పీకాకే నీళ్లు ముట్టుకోవాలి, రాడ్డు నీళ్లలో పెట్టాకే ప్లగ్గు పెట్టాలి. స్టీలు బకెట్ వద్దు. ప్లాస్టిక్ బకెట్ అయితే రాడ్డు అంచుకి ఆనకుండా చూసుకోండి. 1500 వాట్ల రాడ్డు ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. సెల్‌ఫోన్ ఛార్జరు పెట్టే చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. ప్లగ్గు నల్లబడటం ఎందుకో ఇప్పుడు అర్థమైందా? గీజరుకైనా రాడ్డుకైనా 16 ఆంపియర్ల పెద్ద సాకెట్, దానికి సరైన ఎర్తింగ్ ఉండాల్సిందే.

'మా ఇంట్లో ఎంసీబీ ఉంది, షాక్ కొడితే అదే పడిపోతుంది' అని చాలామంది ధీమా. పడదు. ఎంసీబీ అంటే లోడు మించితే దానంతటదే పడిపోయే స్విచ్. 16 ఆంపియర్ల ఎంసీబీ వైరు కాలకుండా కాపాడుతుంది, మనిషిని కాదు. ప్రాణం తీయడానికి ఆంపియర్‌లో పదో వంతు కూడా అక్కర్లేదు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ, అంటే కరెంటు కాస్త లీకైనా టక్కున పడిపోయే స్విచ్, అదీ 30 మిల్లీ ఆంపియర్లది. చలికాలానికి ఏదైనా ఒక్కటే కొనగలిగితే రూమ్ హీటర్ మానేసి ఇది కొనండి.

రూమ్ హీటర్ లెక్క కూడా చూద్దాం. 2000 వాట్ల హీటర్ గంటకి రెండు యూనిట్లు తాగుతుంది. రాత్రి 8 గంటలు వేస్తే 16 యూనిట్లు. ఆ వేడి పైకెళ్లి స్లాబుకో రేకులకో తగులుతుంది. రేకుల ఇల్లయితే ఆకాశానికే కాస్తున్నట్టు. కదలకుండా కూర్చున్న మనిషి ఒళ్లే దాదాపు 100 వాట్ల వేడినిస్తుంది. దాన్ని పోనీయకుండా పట్టుకుంటే చాలు. మన పెద్దోళ్ల గొంగడి చేసే పని అదే. కాకపోతే మనం కప్పుకోవడం మీదే దృష్టి పెడతాం. నులక మంచం మీద పల్చటి దుప్పటి వేసి పైన మూడు రగ్గులు కప్పుకున్నా, కిందినుంచి చలి లాగేస్తుంది. ఒక బొంత కింద పరవండి. తలకి టోపీ, కాళ్లకి సాక్సులు. పగలు దక్షిణం వైపు కిటికీలు తీసి ఎండ రానివ్వండి, పొద్దు గూకే ముందు మూసేయండి. రగ్గు కప్పుకుని ఫ్యాన్ వేసుకునేవాళ్లకి మాత్రం నా దగ్గర మందు లేదు. ఆ చప్పుడు లేకపోతే మా ఇంట్లోనూ నిద్రపట్టనివాళ్లు ఉన్నారు.

నీళ్ల దగ్గర నిజంగా ఆదా ఉంది. 20 లీటర్ల బకెట్‌ని 15 డిగ్రీల నుంచి 40కి తేవడానికి దాదాపు 0.6 యూనిట్ కావాలి. రాడ్డయినా గీజరయినా ఈ లెక్క మారదు. నలుగురున్న ఇంట్లో తలా ఒక బకెట్ అంటే నెలకు 70 యూనిట్లు. మామూలుగా 140 కాల్చే ఇల్లు 210కి చేరుతుంది. 200 యూనిట్ల దాకా ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి పథకం ఉన్నవాళ్లు 200 దాటితే మొత్తం బిల్లు కట్టాలి. పథకం లేనివాళ్లకీ దెబ్బే. 2022 ఏప్రిల్‌ నుంచి అమలైన ధరల్లో 200 యూనిట్లకు కరెంటు ఛార్జీ 820 రూపాయలు. 201 అయితే మొదటి 200 యూనిట్లకూ 5.10 చొప్పున పడి, మొత్తం 1,027 దాటుతుంది. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 200 పైనే! అందుకే నెల మధ్యలో ఒకసారి మీటర్ చూసుకోండి. గీజరు పొద్దంతా ఆన్‌లో ఉంచొద్దు. స్నానాలన్నీ ఒకదాని వెంట ఒకటి కానివ్వండి. పొలం పనికెళ్లే ఇళ్లలో కట్టెలతో కాగే రాగి బాయిలరుంటే అదింకా మేలు, ఆరుబయట పెట్టుకుంటే.

పిల్లలకి నీళ్లు తోడేటప్పుడు బకెట్లో ముందు చన్నీళ్లు, తర్వాతే వేడినీళ్లు పోయండి. కాలితే పేస్టు, ఇంకు, పసుపు రాయకుండా కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచి డాక్టరు దగ్గరికి వెళ్లండి. షుగరున్న పెద్దోళ్ల కాళ్ల దగ్గర వేడినీళ్ల సంచీ పెట్టొద్దు, కాలినా వాళ్లకి తెలియదు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు నాలుగింటికే లేచి చన్నీళ్ల స్నానాలు చేయొద్దు. కార్తీకమైనా సరే, ఎండ వచ్చాక చేయండి.

మెయిన్ బోర్డు ఫొటో ఫోన్లో తీసుకురమ్మని నిన్న గ్రూపులో పెట్టించాను. తెచ్చినవాళ్లు ముందుకు రండి. ఎవరింట్లో ఆర్‌సీసీబీ ఉందో, ఎవరింట్లో లేదో ఒక్కొక్కటే చూద్దాం. ఉన్నవాళ్లు ఇంటికెళ్లి దాని టెస్ట్ బటన్ నొక్కండి. టక్కున పడకపోతే ఎలక్ట్రీషియన్‌ని రేపే పిలిపించి మార్పించండి.