కలడో లేడో అనిపించినప్పుడు

శ్రోతలకు నమస్కారం.

ఇంటిల్లిపాదీ ప్రార్థనలో ఉంటారు. మీరూ వాళ్ళ మధ్యే నిలబడి ఉంటారు. ఊహ తెలిసినప్పటి నుంచీ నోటికి వచ్చిన మాటలు కాబట్టి పెదాలు వాటంతట అవే కదులుతుంటాయి. సరిగ్గా అప్పుడే లోపల ఎక్కడో ఒక ప్రశ్న లేస్తుంది: ఇదంతా ఎవరైనా వింటున్నారా? గుండె దడదడలాడుతుంది. పక్కనున్న అమ్మ వైపు ఓరకంట చూస్తారు, ఆవిడకు తెలిసిపోయిందేమోనని. ఆవిడ కళ్ళు మూసుకునే ఉంటుంది. మీరు గొంతు కాస్త పెంచి తర్వాతి మాట అందుకుంటారు.

ఏ మతంలో పుట్టినవాళ్ళకైనా ఇలాంటి రోజు రావచ్చు. పుట్టి పెరిగిన విశ్వాసం మీద అనుమానం కలిగితే ఏం చేయాలన్నది ఈ రోజు మన విషయం. దేవుడున్నాడని ఒప్పించడానికో, లేడని రుజువు చేయడానికో నేను రాలేదు. అనుమానం మొదలైన మనిషి ఆ రోజుల్ని ఎలా గడపాలి, ఇంట్లోవాళ్ళతో ఎలా మెలగాలి అన్నదే నా తపన. సందేహం వచ్చిన మరుక్షణం ఏదో ఒకటి తేల్చేసుకోవాలని కంగారు పడకండి. సందేహం కన్నా ఆ కంగారే మనుషుల్ని ఎక్కువగా దెబ్బతీస్తుందని నా నమ్మకం.

ముందు భయం సంగతి చూద్దాం. చాలామందికి మొదట కలిగేది ఏదో పాపం చేసేశామన్న బాధ. ఆ వెనకే ఒంటరితనం. అందరూ నిబ్బరంగా నమ్ముతున్నారు, నాకే ఏదో అయిపోయింది అనిపిస్తుంది. పోతన గజేంద్రుణ్ణి ఒకసారి గుర్తుచేసుకోండి. మొసలి పట్టు వదలడం లేదు, ఒంట్లో సత్తువ ఉడిగిపోయింది. దేవుణ్ణి పిలుస్తూ పిలుస్తూనే ఆ ఏనుగు ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అంటుంది. ఉన్నాడు ఉన్నాడని అందరూ చెప్పేవాడు అసలు ఉన్నాడా, లేడా? అంత భక్తుడైన పోతన ఆ అనుమానాన్ని గజేంద్రుడి నోట పలికించడానికి వెనకాడలేదు. ఆ పద్యాన్ని పిల్లలచేత మురిపెంగా కంఠస్థం చేయిస్తాం. అదే ప్రశ్నను ఆ పిల్లలే కాస్త పెద్దయ్యాక సొంత మాటల్లో అడిగితే ఉలిక్కిపడతాం. ఋగ్వేదం పదో మండలంలో నాసదీయ సూక్తం ఉంది. ఈ సృష్టి ఎక్కడి నుంచి వచ్చిందో పైనుంచి చూస్తున్నవాడికి తెలుసు, ఏమో, ఆయనకూ తెలియదేమో అంటూ అది ముగుస్తుంది. బైబిల్లో ఏసు శిష్యుడు థోమా, శిలువ మీద చనిపోయిన ఏసు మళ్ళీ లేచాడని తోటివాళ్ళు చెబితే, ఆయన గాయాలను చూసి ముట్టుకుంటే తప్ప నమ్మనన్నాడు. ఆ మాట అన్నందుకు తోటి శిష్యులు అతణ్ణి వెలివేయలేదు, వారం తర్వాత కూడా అతను వాళ్ళతోనే ఉన్నాడు. పవిత్ర గ్రంథాల్లోనే సందేహానికి ఇంత చోటు ఉన్నప్పుడు, మీ మనసులో దానికి కాస్త చోటిస్తే కొంప మునగదు.

ఇక ఆ సందేహం ఏమిటో కాస్త దగ్గరగా చూడాలి. అన్ని సందేహాలూ ఒకటి కావు. ఒకరు సైన్సు చదువుతూ, సృష్టి గురించి తాము విన్న కథకూ పుస్తకంలో ఉన్నదానికీ పొంతన కుదరక తికమకపడతారు. ఇంకొకరికి వేరే మతం స్నేహితులుంటారు. వాళ్ళు ఎంతో మంచివాళ్ళు. వాళ్ళంతా నరకానికి పోతారంటే ఈ మనిషి మనసు ఒప్పుకోదు. వేరొకరు, ఎంతగానో గౌరవించిన మతపెద్ద చేసిన అన్యాయాన్ని కళ్ళారా చూసి ఉంటారు. మరొకరు బిడ్డ బతకాలని రాత్రింబవళ్ళు మొక్కుకున్నారు, బిడ్డ దక్కలేదు. ఈ నలుగురూ ‘నాకు నమ్మకం పోయింది’ అనే ఒకే మాట అంటారు. కానీ మొదటివారికి కావలసింది మంచి పుస్తకాలు, ఓపికగా చర్చించే మనిషి. మతపెద్ద వల్ల గాయపడినవారికి కావలసింది న్యాయం. వాళ్ళకు తత్వశాస్త్రం చెప్పడం అన్యాయం. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దేవుణ్ణి నిలదీస్తుంటే ఆమెకు వాదనతో జవాబు చెప్పబోవడం, నా దృష్టిలో, క్రూరత్వమే. ఆమెకు పక్కన కూర్చునే మనిషి కావాలి, అంతే.

అందుకే నేనైతే ఒక పని చేయమంటాను. మీ సందేహాన్ని కాగితం మీద పెట్టండి. ‘మతం అంటేనే అనుమానంగా ఉంది’ అని కాకుండా, మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఏదో సూటిగా రాయండి. దేవుడు ఉన్నాడా అన్నది ఒక ప్రశ్న. నా మొర ఎందుకు వినలేదు అన్నది ఇంకొకటి. ఈ నియమం ఆడవాళ్ళకే ఎందుకు అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. కలగాపులగంగా ఉన్నంతసేపూ అవి కొండలా కనిపిస్తాయి. విడదీసి రాస్తే వాటిలో కొన్ని ఇప్పుడే తేలేవి, కొన్ని జీవితాంతం తేలకపోయినా పరవాలేనివి అని తెలుస్తుంది.

కాలం గురించి చెప్పేటప్పుడు నాకు అల్ ఘజాలీ గుర్తొస్తారు. 1058లో పుట్టిన ఈ ఇస్లామిక్ పండితుడు బాగ్దాద్‌లోని ప్రసిద్ధ నిజామియా విద్యాలయంలో ఆచార్యుడు. ఆయన పాఠం వినడానికి వందల మంది వచ్చేవారు. అంతకు ముందెప్పుడో ఒకసారి, కళ్ళు చూసేదాన్నీ బుద్ధి చెప్పేదాన్నీ కూడా నమ్మలేని స్థితి తనకు వచ్చిందని, దాదాపు రెండు నెలలు అందులో కొట్టుమిట్టాడానని ఆయనే రాసుకున్నారు. 1095లో మరో సంక్షోభం వచ్చింది. ఈ పాఠాలు దేవుడి కోసం చెబుతున్నానా, పేరు కోసం చెబుతున్నానా అన్న మథన మొదలైంది. చివరికి క్లాసులో నోరు పెగల్లేదు. అన్నం గొంతు దిగలేదు. వైద్యులు ఇది మనోవ్యాధి, మా చేతుల్లో లేదన్నారు. ఆయన పదవి వదిలేసి, బాగ్దాద్ నుంచి వెళ్ళిపోయారు. మళ్ళీ పాఠం చెప్పడానికి కూర్చునేసరికి పదేళ్ళు దాటింది. తిరిగొచ్చింది విశ్వాసిగానే, కానీ వెళ్ళిన మనిషి వేరు, వచ్చిన మనిషి వేరు. అందరూ ఆయనలాగే విశ్వాసానికి తిరిగి వస్తారని నేననను. కొందరు రారు. నేను ఆ పదేళ్ళ గురించి చెబుతున్నాను. అంతటి పండితుడికే అంత కాలం పట్టింది. మనం మాత్రం ఈ ఆదివారం లోపు తేలిపోవాలని టెన్షన్ పడుతుంటాం.

మరి ఈలోపు ఏం చేయాలి? అన్నీ ఒక్కరోజున మానేయనక్కర్లేదు, అన్నీ కొనసాగించనూ అక్కర్లేదు. ఏది చేస్తుంటే మనసు కుదుటపడుతోందో, ఏది చేస్తుంటే అబద్ధమాడుతున్నట్టు అనిపిస్తోందో గమనించుకోండి. కీర్తన పాడుతుంటే ఇప్పటికీ కళ్ళు చెమ్మగిల్లుతున్నాయా? పాడండి. నమ్మకం మీద అనుమానం ఉన్నవాళ్ళు పాడకూడదని ఎవరన్నారు? నలుగురి ముందు నిలబడి మీ విశ్వాసం గురించి సాక్ష్యం చెప్పడమో, చిన్నపిల్లలకు మతబోధ చేయడమో కష్టంగా ఉందా? కొన్నాళ్ళు తప్పుకోండి. చదివేటప్పుడు రెండు వైపులా చదవండి. విశ్వాసులు రాసినవాటిలో మేలైనది, విమర్శకులు రాసినవాటిలో మేలైనది ఎంచుకోండి. ఫోన్లో అరుచుకునే వీడియోలు అర్ధరాత్రి దాకా చూస్తూ ఉంటే మిగిలేది కోపమే. ఇంకో మాట. పాత నమ్మకం వదిలిన ఊపులో నిన్నటిదాకా తమతో కలిసి మొక్కిన వాళ్ళనే మూర్ఖులని ఈసడించేవాళ్ళను చూశాను. నాకు బాధేస్తుంది. వాళ్ళు వదిలింది నమ్మకాన్నే, మొండితనం అలాగే ఉంది.

ఇక్కడ ఒక విషయం మీద కొంచెం ఆగాలి, ఎందుకంటే దీని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. కొందరిలో మత సందేహంలా కనిపించేది నిజానికి జబ్బు. ప్రార్థన మధ్యలో దేవుణ్ణి దూషించే ఆలోచన తనకు ఇష్టం లేకుండానే వస్తుంది. అయ్యో పాపం చేశానని మొదటి నుంచి మళ్ళీ చదువుతారు. ఒక అక్షరం తప్పు పలికానేమోనని మళ్ళీ. మనసు పెట్టానో లేదోనని ఇంకోసారి. పది నిమిషాల ప్రార్థన రెండు గంటలు పడుతుంది. ఎవరో పెద్దమనిషి ‘నీ మీద ఏ దోషమూ లేదు’ అంటే సాయంత్రం దాకా హాయిగా ఉంటుంది, మళ్ళీ మొదలు. క్రైస్తవ సాధువు ఇగ్నేషియస్ లొయోలా 1522లో స్పెయిన్‌లోని మన్రేసాలో సరిగ్గా ఇలాంటి నరకమే పడ్డారు. పాపాలన్నీ ఒప్పుకున్న తర్వాత కూడా ఏదో మరిచిపోయానన్న అనుమానం ఆయన్ను వదల్లేదు. వారం రోజులు అన్నం ముట్టలేదు. ఆయన పాప నివేదన వినే గురువే ఇక తినమని ఆజ్ఞాపించాల్సి వచ్చింది. ఈ రోజుల్లో దీన్ని ఓసీడీలో, అంటే వద్దన్నా వచ్చే ఆలోచనలతో చేసిందే మళ్ళీ మళ్ళీ చేయించే మానసిక జబ్బులో, ఒక రకంగా వైద్యులు గుర్తిస్తున్నారు. ప్రత్యేకమైన కౌన్సెలింగ్ ఉంది, మందులున్నాయి, చాలామందికి గుణం కనిపిస్తుంది. మీ పరిస్థితి ఇదే అయితే ఇంకో ప్రవచనం వినడం వల్ల తగ్గదు, మానసిక వైద్యుణ్ణి కలవండి. ఇది భక్తి లోపమూ కాదు, పాపమూ కాదు. సందేహం ఏ రకమైనదైనా సరే, నెలల తరబడి నిద్ర లేకపోయినా, బతుకు మీద ఆశ పోతున్నట్టు అనిపించినా నేను చెప్పే మాట ఇదే, వైద్యుణ్ణి కలవండి. మతం సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు మీరు క్షేమంగా ఉండాలి.

ఇప్పుడు అసలు కష్టమైన చోటికి వద్దాం. ఇల్లు. చాలామందికి దేవుడు లేడేమోనన్న దిగులు కన్నా, ఈ సంగతి తెలిస్తే అమ్మానాన్నలు ఏమైపోతారోనన్న దిగులే ఎక్కువ.

పరిణామ సిద్ధాంతం చెప్పిన శాస్త్రవేత్త చార్లెస్ డార్విన్ పెళ్ళికి ముందు తండ్రి ఆయనకొక సలహా ఇచ్చారు, మతం మీద నీకున్న సందేహాలను భార్యకు తెలియనివ్వకు అని. డార్విన్ దాచలేదు, కాబోయే భార్య ఎమ్మాకు చెప్పేశారు. ఆమెది గట్టి క్రైస్తవ విశ్వాసం. చనిపోయిన అక్కను పరలోకంలో కలుసుకుంటానన్న ఆశే ఆమెకు కొండంత అండ. 1839లో పెళ్ళయ్యాక, ఒకే ఇంట్లో ఉంటూ ఆమె భర్తకు ఒక ఉత్తరం రాసింది. మాట్లాడబోతే అనుకున్నది సరిగ్గా చెప్పలేకపోతున్నానని రాసింది. మీరు చిత్తశుద్ధితో నిజాన్ని వెతుకుతున్నంతవరకు మీది తప్పు కాదని అనుకోవాలనుంది అంది. మనం ఎప్పటికీ ఒకరికొకరం కాకుండా పోతామేమోనన్న ఊహే భరించలేనంది. దీనికి జవాబు ఇవ్వనక్కర్లేదని కూడా అంది. ఆ ఉత్తరాన్ని డార్విన్ జీవితాంతం దాచుకున్నారు. నేను పోయాక నీకు తెలియాలి, ఎన్నోసార్లు దీన్ని ముద్దు పెట్టుకున్నాను, దీని మీద ఏడ్చాను అని దాని మీద రాసి పెట్టారు. 1851లో వాళ్ళ పదేళ్ళ కూతురు ఆనీ చనిపోయింది. 1882లో డార్విన్ కన్నుమూసేదాకా, 43 ఏళ్ళు ఆ ఇద్దరూ కలిసి కాపురం చేశారు. ఆయన ఆమెలా నమ్మలేకపోయారు, ఆమె ఆయనలా ఆలోచించలేదు. ఎవరి దారి వారిదే, ఇల్లు మాత్రం ఒక్కటే. ఎమ్మాకు నొప్పి లేదని కాదు. నొప్పి ఉంది కాబట్టే ఆ ఉత్తరం రాసింది.

అందరి ఇళ్ళూ అలాంటివి కావు, నాకు తెలుసు. సంగతి బయటపడితే కొడతారనో, చదువు మాన్పిస్తారనో భయపడే పరిస్థితి ఉన్న పిల్లలకు నేను చెప్పేది వేరు. మీ కాళ్ళ మీద మీరు నిలబడేదాకా నోరు మూసుకుని ఉండటం పిరికితనం కాదు, దొంగవేషమూ కాదు. ఐక్యరాజ్య సమితి 1948లో ప్రకటించిన మానవ హక్కుల్లో పద్దెనిమిదో అధికరణం, ఆలోచనకూ అంతరాత్మకూ మతానికీ స్వేచ్ఛ ఉందంటుంది, విశ్వాసాన్ని మార్చుకునే హక్కు కూడా అందులోనే ఉంది. ఆ హక్కును ఎప్పుడు వాడుకోవాలో నిర్ణయించుకోవలసింది మీరే. అప్పటిదాకా నమ్మకంగా వినే ఒక్క మనిషిని వెతుక్కోండి.

ప్రమాదమేమీ లేని ఇల్లయితే చెప్పండి, కానీ సమయం చూసి చెప్పండి. పండగపూటో, గొడవ మధ్యలోనో కాదు. ‘నేను నాస్తికుణ్ణి’ అని ప్రకటించే ముందు, ‘నాకు కొన్ని ప్రశ్నలున్నాయమ్మా, చాలా రోజులుగా బాధపడుతున్నాను’ అనవచ్చు. అది నిజం కూడా. ఇంకా కష్టమైన సందర్భాలు వస్తాయి. ఆసుపత్రి మంచం మీద ఉన్న అమ్మ ‘నా కోసం ప్రార్థన చేస్తావు కదా’ అని అడిగితే ఏం చేస్తారు? అక్కడ వాదన పనికిరాదు. అబద్ధం చెప్పడానికి మనసొప్పకపోతే, ‘నువ్వు చెయ్యమ్మా, నేను నీ చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుంటాను’ అనవచ్చు. అమ్మకూ ఆ క్షణంలో కావలసింది చాలావరకు అదే.

వింటున్నవాళ్ళలో తల్లిదండ్రులూ, పెద్దలూ ఉంటారు. మీ బాధ చిన్నదని నేననను. పెంపకంలో ఎక్కడ పొరపాటు జరిగిందోనని కుమిలిపోతారు. బైబిల్లో యోబు కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. సర్వం పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న మనిషి దగ్గరికి స్నేహితులు వచ్చారు. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నోరు మెదపకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. వాళ్ళు చేసిన మేలు అదొక్కటే. తర్వాత నోరు తెరిచి దేవుడి తరఫున వాదించడం మొదలుపెట్టారు. తప్పంతా నీదేనన్నారు. కథ చివర దేవుడు కోప్పడింది ఆ స్నేహితుల మీద. తన మీద అంతలా ఫిర్యాదు చేసిన యోబు గురించి, నా విషయంలో సరిగ్గా మాట్లాడింది ఇతనే అన్నాడు.

మీ అబ్బాయో అమ్మాయో ధైర్యం చేసి నోరు విప్పిన రోజున, పండితుల దగ్గరికి తీసుకెళ్ళడానికి తొందరపడకండి. ఇల్లంతా చుట్టూ చేరి తలో మాటా అనకండి. ‘ఎప్పటి నుంచి ఇలా అనిపిస్తోంది?’ అని అడిగి, చెప్పేదంతా చెప్పనివ్వండి. మీ నమ్మకాన్ని మీరు దాచుకోనక్కర్లేదు. వాళ్ళ కోసం మీరు ప్రార్థిస్తూనే ఉండవచ్చు. రాత్రి భోజనానికి మాత్రం ఎప్పటిలాగే పిలవండి.

సెలవు.